ఆట అయిపోకముందే తెర ఆపేశారు: నెల్లూరులో ఒక ప్రైవేట్ థియేటర్ గురించి

పుట్టినరోజుకైతే కళ్ళు మూసుకుని వెళ్ళొచ్చు. పెళ్ళిరోజుకీ, ఓటీటీలో వచ్చిన సినిమాని ఇంటిల్లిపాదీ కూర్చుని చూడ్డానికీ బాగుంటుంది. లైవ్ మ్యాచ్ కోసం మాత్రం, అది క్రికెట్ అయినా ఇంకేదైనా సరే, ఈ ప్రైవేట్ థియేటర్‌ని నమ్ముకోవద్దు. 2023 జనవరి 1 పొద్దున మాకు జరిగింది ఇంకెవరికీ జరగకూడదనే ఇదంతా రాస్తున్నా. సంక్రాంతి హడావిడి అయ్యాక, కోపం తగ్గాక రాద్దామని ఆగాను. పండగ అయిపోయింది గానీ కోపం తగ్గలేదు.

థియేటర్ పేరు రాయను. అక్కడ పనిచేసే కుర్రాళ్ళు ఇంటర్, డిగ్రీ చదువుకుంటూ ఖర్చులకి పనికొచ్చిన పిల్లలు, వాళ్ళ తప్పేం లేదు, పేరు రాస్తే ముందు మాట పడేది వాళ్ళే. పైగా నేను చెప్పే సంగతి ఒక్క చోటుది కూడా కాదు. మన ఊళ్ళో ఇలాంటివి ఇప్పుడు ఒకటికి నాలుగు వచ్చాయి, అన్నీ గంటల లెక్కన నడిచేవే, కాబట్టి ఎక్కడ బుక్ చేసుకున్నా ఇది పనికొస్తుంది.

మేము చూడాలనుకున్నది అమెరికాలో జరిగే కాలేజీ ఫుట్‌బాల్. హెల్మెట్లు పెట్టుకుని, కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. నేను ఎంఎస్ చేసింది కొలంబస్‌లో, ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో. అక్కడి స్టేడియం 1922లో కట్టింది, గుర్రపు నాడా ఆకారంలో ఉంటుంది, లక్ష మందికి పైగా పడతారు. కాలేజీ పిల్లలు ఆడే ఆటకి లక్ష మందేంటి అని మన వాళ్ళు అడుగుతుంటారు. ఒక్క శనివారం అక్కడ ఉంటే ఇంక అడగరు. ఊరంతా ఎర్ర చొక్కాలే. ఎదురు పడిన ముక్కూ మొహం తెలీని మనిషి ‘ఓ-హెచ్’ అని అరిస్తే మనం ‘ఐ-ఓ’ అని అరవాలి, అరుస్తాం కూడా. మా చిరకాల ప్రత్యర్థి మిషిగన్ యూనివర్సిటీతో మ్యాచ్ ఉన్న వారమైతే క్యాంపస్‌లో బోర్డుల మీద ‘ఎం’ అక్షరం ఎక్కడ కనబడినా ఎర్ర టేపుతో కొట్టేస్తారు. ఇల్లు వదిలి అంత దూరం వెళ్ళి, చలికి గదిలో నుంచి బయటికి రావడానికే భయపడే రోజుల్లో నన్ను ఆ ఊరి మనిషిని చేసింది ఈ ఆటే. తిరిగొచ్చి నెల్లూరులో స్థిరపడ్డాక కూడా సెప్టెంబర్ వచ్చిందంటే ఆదివారం తెల్లవారుజామున లేచి స్కోరు చూడకుండా ఉండలేను.

ఈ సీజన్ మాకు మామూలు సీజన్ కాదు. నవంబర్ 26న మిషిగన్ చేతిలో, అదీ మా సొంత స్టేడియంలో, 45-23తో ఓడిపోయాం. అంతకు ముందు ఏడాదీ వాళ్ళే గెలిచారు. ఇంక అయిపోయింది అనుకుంటుండగా వేరే చోట యూటా చేతిలో యూఎస్‌సీ అనే ఇంకో కాలేజీ జట్టు ఓడిపోవడంతో, సెమీఫైనల్స్ ఆడే నాలుగు జట్లలో నాలుగో స్థానం మాకు దక్కింది. సీజన్ చివర్లో ఆడే పెద్ద మ్యాచుల్ని బౌల్ గేమ్స్ అంటారు. అందులో రెండు, ఫియెస్టా బౌల్, పీచ్ బౌల్, ఈసారి సెమీఫైనల్స్. మాకు పీచ్ బౌల్ పడింది. అవతల జార్జియా. వాళ్ళు నిరుటి చాంపియన్లు, ఈ ఏడాది ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. ఆట పెట్టింది అట్లాంటాలో, అంటే వాళ్ళ రాష్ట్రంలోనే. మమ్మల్ని ఎవరూ లెక్కలో వేసుకోలేదు. అందుకే ఈ మ్యాచ్‌ని ఒక్కదాన్నే ఫోన్‌లో చూడకూడదు, మా వాళ్ళందరితో కలిసి చూడాలి అని గట్టిగా అనుకున్నా.

అక్కడ డిసెంబర్ 31 రాత్రి 8 గంటలంటే మనకి జనవరి 1 పొద్దున ఆరున్నర. నాతో పాటు కొలంబస్‌లో చదివి వచ్చేసిన వాళ్ళు కావలిలో ఒకరు, ఒంగోలులో ఇద్దరు, గూడూరులో ఒకరు ఉన్నారు. వాళ్ళు, వాళ్ళ ఇంటివాళ్ళు, మా ఆయన, మా నాన్న, మా బాబాయి పిల్లలు. ఇంతమందికి మా హాల్లో ఉన్న టీవీ ఏ మూలకి? అలా ఈ ప్రైవేట్ థియేటర్ ఆలోచన వచ్చింది.

బుకింగ్ ఫోన్‌లో చెయ్యలేదు. డిసెంబర్‌లో స్వయంగా వెళ్ళి మేనేజర్‌తో కూర్చుని మాట్లాడా. ఈ ఆటకి గడియారం మీద ఉండేది గంటే, కానీ అది మాటిమాటికీ ఆగుతుంది, మూడున్నర గంటల నుంచి నాలుగు గంటలు పడుతుంది, సమానమైతే ఓవర్‌టైమ్ ఉంటుంది, ఇంకా సాగుతుంది, కాబట్టి పది గంటలకి ఖచ్చితంగా అయిపోతుందని నేను చెప్పలేను అని విడమర్చి చెప్పా. ఆయన నవ్వుతూ, "మీరేం టెన్షన్ పడబాకండి మేడమ్, న్యూ ఇయర్ నాడు పొద్దున్నే ఎవరొస్తారు చెప్పండి, పన్నెండు దాకా ఖాళీయే, మీ ఆట అయిందాకా చూసుకోండి" అన్నారు. అయినా నాకెందుకో మనసొప్పక, రసీదు మీద రాసిమ్మన్నా. ‘6 నుంచి 10+’ అని రాసి సంతకం పెట్టి ఇచ్చారు. ఆ ప్లస్ గుర్తు నీలం ఇంకుతో, పక్కన ఉన్న పది కంటే పెద్దగా ఉంది. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

హాల్ గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. బాగుంది. తెర గోడ మొత్తం ఉంటుంది, బొమ్మ ఎక్కడా పలచబడలేదు, పచ్చటి మైదానం మీద గజాల గీతలు కూడా స్పష్టంగా కనబడ్డాయి. సౌండ్ ఇంకా బాగుంది. బ్యాండ్ వాయిస్తుంటే వెనక నుంచి కూడా వినబడి, మా కావలి అమ్మాయి ఒక్కసారిగా నా చెయ్యి పట్టుకుంది, మళ్ళీ అక్కడ కూర్చున్నట్టే ఉందే అని. సీట్లు వెనక్కి వాలతాయి, మా నాన్నకి నడుం నొప్పి, ఆయన మూడు గంటలకి పైగా కదలకుండా కూర్చున్నారంటే అర్థం చేసుకోండి. బాత్రూమ్ శుభ్రంగా ఉంది. మధ్యలో ఒకసారి కరెంట్ పోయింది, ప్రొజెక్టర్ మాత్రం రెప్ప కూడా వెయ్యలేదు, ఇన్వర్టర్ మంచిది పెట్టారు. ఏసీ ఒక్కటే ఎక్కువ, తగ్గించమంటే తగ్గించే రిమోట్ రిసెప్షన్‌లో ఉంటుంది, అక్కడ కూర్చునే మనిషి ఏడున్నరకి గానీ రాలేదు. బయటి తిండి తెచ్చుకుంటే క్లీనింగ్ చార్జీ అని విడిగా తీసుకుంటారు, ఆ సంగతి ముందే చెప్పారు కాబట్టి దాని మీద ఫిర్యాదు లేదు. మేం ట్రంక్ రోడ్డు వైపు నుంచి కారం దోశలు, ఇడ్లీలు పార్సిల్ కట్టించుకుని పోయాం. ప్లేట్లు, మంచినీళ్ళు వాళ్ళే ఇచ్చారు. వాళ్ళ కాఫీ మాత్రం తాగొద్దు, ప్యాకెట్ పొడిలో వేడినీళ్ళు పోసి ఇస్తారు, నెల్లూరులో ఉంటూ ఆ కాఫీ తాగాల్సిన కర్మ ఎవరికీ లేదు.

ఆ పొద్దున ఊరు ఎంత బాగుందో. ప్రతి వాకిట్లోనూ రంగుల ముగ్గు, మధ్యలో 2023. మర్నాడే ముక్కోటి, రంగనాయకుల గుడి దగ్గర క్యూలకి కర్రలు కడుతున్నారని, అటు పోకుండా చుట్టు తిరిగి రమ్మని గూడూరు వాళ్ళకి ఫోన్ చేసి చెప్పా. అందరూ ఆరింటికల్లా వచ్చేశారు. కుర్రాడు లాప్‌టాప్‌కి కేబుల్ తగిలించి, సౌండ్ సరిచూసి, తలుపు వేసి వెళ్ళిపోయాడు. అంతవరకూ అంతా సవ్యంగా ఉంది.

ఇక ఆట. మా వాళ్ళు అంత బాగా ఆడడం ఈ ఏడాదంతా నేను చూడలేదు. మా క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరే కుర్రాడు, సి.జె. స్ట్రౌడ్. వాడి మీద ఎప్పుడూ ఒకటే విమర్శ, విసురుతాడు గానీ అవసరమైతే పరిగెత్తడు అని. ఆ రోజు పరిగెత్తాడు, తప్పించుకున్నాడు, పడబోతూ కూడా విసిరాడు. గీత దాటించిన పాస్‌లు, అంటే టచ్‌డౌన్ పాస్‌లు నాలుగు, మొత్తం 348 గజాలు. బంతి అందుకునే మా కుర్రాడు మార్విన్ హారిసన్ జూనియర్ వాటిలో రెండు పట్టాడు. రెండో క్వార్టర్‌లో 21-7తో మేం ముందున్నాం. జార్జియా ఊరికే ఉంటుందా, వరసగా కొట్టి 24-21 చేసింది, హాఫ్‌టైమ్‌కి ముందే మళ్ళీ మేం 28-24. అప్పటికి మా నాన్న రూల్స్ మొత్తం పట్టేశారు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు పోవాలి, పోతే మళ్ళీ నాలుగు, గీత దాటిస్తే ఆరు, పైన ఒకటి, దూరం నుంచి తన్నితే మూడు. "ఇంతే గదా, కబడ్డీ, చదరంగం కలిపినట్టుందమ్మా" అన్నారు. నాకు ఇంతవరకూ ఇంత బాగా ఎవరూ చెప్పలేదు.

మూడో క్వార్టర్‌లో 35-24. జార్జియా మీద, వాళ్ళ రాష్ట్రంలో, పదకొండు పాయింట్లు పైన. ఒంగోలు వాళ్ళిద్దరూ సీట్లలో కూర్చోవడం మానేశారు.

ఆ క్వార్టర్ చివర్లో జరిగిందే నన్ను ఇప్పటికీ పీడిస్తోంది. మేం జార్జియా గీతకి ఏడెనిమిది గజాల దూరంలో ఉన్నాం. స్ట్రౌడ్ తప్పించుకుని తప్పించుకుని, గీత అవతల వెనకంచున ఉన్న హారిసన్‌కి ఎత్తుగా విసిరాడు. బంతి వచ్చే క్షణానికి జార్జియా డిఫెండర్ వచ్చి గుద్దాడు, హారిసన్ తల వెనక్కి కొట్టుకుని పడిపోయాడు. రిఫరీ జెండా విసిరాడు. ఆ తప్పుని టార్గెటింగ్ అంటారు, తల మీదకి గురిచూసి కొట్టడం, దానికి శిక్ష పెద్దది, కొట్టినవాడు ఆట నుంచి బయటికి పోతాడు, మాకు గీత పక్కనే బంతి కొత్తగా దొరుకుతుంది. తర్వాత రివ్యూ చూశారు, టార్గెటింగ్ కాదు అని జెండా వెనక్కి తీసేసుకున్నారు. మేం ఫీల్డ్ గోల్ తన్ని మూడు పాయింట్లతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. 38-24. హారిసన్ మళ్ళీ మైదానంలోకి రాలేదు, తల దెబ్బ కాబట్టి రానివ్వరు, రానివ్వకూడదు కూడా. ఆ రివ్యూని నేను ఎన్నిసార్లు చూసినా నా కంటికి ఒకలాగే కనబడుతోంది. మీరు తటస్థంగా చూస్తే ఏమంటారో నాకు తెలీదు, నేను తటస్థంగా లేను, ఉండను. ఆ రోజు జార్జియా చేతిలో జవాబు లేని ఆటగాడు వాడొక్కడే. వాడు పోయాక మా ఆటలో ఆ ఊపు పోయింది.

నాలుగో క్వార్టర్. జార్జియా ఒక ఫీల్డ్ గోల్ కొట్టి 38-27 చేసింది. తర్వాత మాకు నాలుగో ప్రయత్నంలో ఒక్క గజం కావాలి. బంతిని దూరంగా తన్నేస్తున్నట్టు నిలబడి, తన్నకుండా దొంగాట ఆడి ముందుకు పోయాం, గజం దాటేశాం, హాల్లో అందరం ఎగిరాం. తీరా చూస్తే ఆట మొదలయ్యే లిప్తలో జార్జియా కోచ్ కర్బీ స్మార్ట్ టైమౌట్ అడిగాడు. లెక్కలోకి రాలేదు. దాన్ని ముందే పసిగట్టినందుకు ఆయనకి దణ్ణం పెట్టాలి, నాకు ఎంత మంటగా ఉన్నా ఆ మాట అనకుండా ఉండలేను. ఈసారి నిజంగానే తన్నేశాం. ఆ తర్వాత మొదటి బంతికే మా డిఫెండర్ కాలు జారి పడ్డాడు, జార్జియా కుర్రాడు ఒంటరిగా 76 గజాలు పోయాడు. పైన ఇంకో రెండు పాయింట్లు కూడా తీసుకున్నారు. 38-35. హాల్లో చప్పుడు లేదు. మా ఆయన లేచి ఏసీ తగ్గించమని చెప్పడానికి బయటికి వెళ్ళారు.

వెళ్ళొచ్చి నా చెవిలో చెప్పారు, బయట బెలూన్లతో ఎవరో నిలబడి ఉన్నారని.

టైమ్ పదీ పది దాటింది. మా కిక్కర్ నోవా రగల్స్ 48 గజాల దూరం నుంచి తన్ని మమ్మల్ని 41-35 చేశాడు. ఆటలో ఇంకా 2 నిమిషాల 43 సెకన్లు ఉన్నాయి. అప్పుడు తలుపు తెరుచుకుంది, లైట్లు వేశారు. మేనేజర్. వెనక ఇద్దరు కుర్రాళ్ళు, చేతుల్లో బంగారు రంగు రేకు అక్షరాలు, ఊదడానికి పంపు. "నెక్స్ట్ పార్టీ వచ్చేసింది మేడమ్, డెకరేషన్ వెయ్యాల, మీకు పది దాకానే గదా" అన్నారు.

నేను రసీదు చూపించా. ప్లస్ చూపించా. ఆయన ప్లస్ అంటే పది పదిహేను నిమిషాలన్నారు, ఆ పదిహేను నిమిషాలూ అయిపోయాయన్నారు. పన్నెండు దాకా ఖాళీ అన్నారు గదా అంటే, నిన్న రాత్రే బుకింగ్ వచ్చింది, వాళ్ళు ఫుల్ ప్యాకేజీ తీసుకున్నారు అన్నారు. మా నాన్న ఎప్పుడూ గొంతు పెంచని మనిషి, ఆయన లేచి, "రెండున్నర నిమిషాలే గదయ్యా మిగిలింది" అని బతిమాలారు. మేనేజర్ దానికి, "రెండున్నర నిమిషాలు మాకు పొద్దుటి నుంచీ అరగంట అవతా ఉంది సార్" అన్నారు. ఆ మాట నిజమే, ఆ ఆట అట్లాంటిదే, అందుకే గదా నేను డిసెంబర్‌లోనే చెప్పింది. ఎక్కువ టైమ్‌కి ఎంతైనా కడతాం అన్నాం. ఆ పుట్టినరోజు పాప తల్లి తలుపు దగ్గరికి వచ్చి చూసి, పోనీలే అయిందాకా ఉండనివ్వండి అంది కూడా, ఆమెకి నేను రుణపడి ఉంటా. మేనేజర్ వినలేదు, పదకొండింటికి వాళ్ళ కేక్, ఆ తర్వాత ఇంకో స్లాట్, ఒకటి జరిగితే అన్నీ జరుగుతాయి అన్నారు. కుర్రాడు నా మొహం చూడలేక తల దించుకుని కేబుల్ లాగేశాడు. తెర నీలంగా అయిపోయింది. అట్లాంటాలో జార్జియా బంతి పట్టుకుని బయల్దేరుతోంది.

మిగతాది మేం మెట్ల మీద చూశాం. రెండో అంతస్తు నుంచి కిందకి దిగే మెట్లు, గోడకి ఫోన్ ఆనించి పెట్టి, అంతమందిమి తలలు ఒకచోట పెట్టి. సిగ్నల్ రెండు గీతలు. స్ట్రీమింగ్ అసలే నిజం ఆట కంటే ముప్పై నలభై సెకన్లు వెనక నడుస్తుంది, మధ్యలో తిరిగే గుండ్రం ఒకటి. ఆ గుండ్రం తిరుగుతుండగానే జార్జియా టచ్‌డౌన్ కొట్టేసింది. 42-41. ఇంకా 54 సెకన్లు. స్ట్రౌడ్ బంతి పట్టుకుని తనే పరిగెత్తాడు, 27 గజాలు, జార్జియా వైపు 31వ గజం దగ్గరికి చేరాం. మా ఒంగోలు తమ్ముడు మెట్లు కొడుతున్నాడు, పైనుంచి హ్యాపీ బర్త్‌డే పాట టెస్టింగ్ వినబడుతోంది. అక్కడి నుంచి పది గజాలు ముందుకి పోతే కిక్ సులువు. అక్కడ మా వాళ్ళు బంతిని పరిగెత్తేవాడి చేతికిచ్చారు, మధ్యలోకి పోయి ఒక గజం వెనక్కి వచ్చాడు. తర్వాత రెండు పాస్‌లు, రెండూ అందలేదు. 50 గజాల కిక్.

ఫోన్‌లో రగల్స్ ఇంకా నిలబడి ఊపిరి తీసుకుంటున్నాడు. కొలంబస్‌లో ఉండే మా తమ్ముడి నుంచి మెసేజ్ వచ్చింది, తెర పైన జారింది, అందరం చదివాం. "పోయింది అక్కా." ఆ తర్వాత మేం ఆ కిక్ చూశాం. పోయిందని తెలిసి కూడా, ఎడమవైపుకి అంత దూరంగా పోవడం చూశాం. అక్కడ అప్పుడే పన్నెండు కొట్టింది, కొత్త సంవత్సరం.

ఓడిపోవడం గురించి రెండు మాటలు చెప్పనివ్వండి. రగల్స్‌ని తిట్టేవాళ్ళని నేను ఒప్పుకోను. నిమిషాల ముందే 48 గజాల నుంచి తన్ని మాకు ఆరు పాయింట్ల తేడా ఇచ్చింది వాడే. కాలేజీ పిల్లలకి 50 గజాలు ఎప్పుడూ కష్టమే, దానిమీద ఆ ఒత్తిడి. నా కోపం ఆ 31వ గజం దగ్గర మా కోచ్ ర్యాన్ డే మీద. అప్పటిదాకా ధైర్యంగా ఆడించిన మనిషి. దేశంలోనే గొప్ప జట్టు మీద 41 పాయింట్లు చేయించిన మనిషి. స్ట్రౌడ్ చేతికి ఎదురు లేని రోజున, పాతిక సెకన్లు కూడా లేనప్పుడు, చేతిలో టైమౌట్ ఉన్నప్పుడు, మధ్యలోకి ఒక పరుగు పెట్టి గజం పోగొట్టుకోవడం ఏంటి? గెలిచే ఆటని కాపాడుకోవాలని చూశాడు. మిషిగన్ చేతిలో ఓడిపోయిన నెల నుంచి ఆయన మీద ఎంత ఒత్తిడి ఉందో నాకు తెలుసు, అయినా ఆ ఒక్క నిర్ణయం నాకు మింగుడు పడటం లేదు. స్ట్రౌడ్ 2023లో కాలేజీ వదిలి ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్‌కి, అంటే ప్రొఫెషనల్ జట్లు కాలేజీ ఆటగాళ్ళని ఎంచుకునే చోటికి పోయాడు. అంటే ఎర్ర జెర్సీ వాళ్ళ తరఫున ఆ కుర్రాడి ఆఖరి ఆట ఇదే, జీవితంలోనే గొప్పగా ఆడి, ఒక్క పాయింట్‌తో.

జనవరి 9న ఫైనల్ జరిగింది, మనకి 10 పొద్దున. టీసీయూ అనే కాలేజీ జట్టు మీద జార్జియా 65-7తో గెలిచింది. అరవై ఐదు ఏడు! అది చూశాక ఇంకా మండింది. ఆ జార్జియాని ఆఖరి క్షణం దాకా ఊపిరి ఆడనివ్వకుండా చేసింది మా వాళ్ళు. అసలైన ఫైనల్ అట్లాంటాలోనే అయిపోయిందని నేను ఎక్కడైనా చెప్తా.

అలాంటి మ్యాచ్‌లో ఆ చివరి పదిహేను నిమిషాలు మాకు లేకుండా చేశారు ఈ థియేటర్ వాళ్ళు. తెర ఉంటే గెలిచేవాళ్ళమని కాదు. ఓడిపోయేటప్పుడు పక్కన మనవాళ్ళు ఉండాలి, కుర్చీలు ఉండాలి, అందరూ ఒకేసారి చూడాలి, అరవాలి, కాసేపు కదలకుండా కూర్చోవాలి. దానికే గదా ఒంగోలు నుంచి రాత్రి బయల్దేరి వచ్చింది వాళ్ళు. మెట్ల మీద నిలబడి, దిగేవాళ్ళకి ఎక్కేవాళ్ళకి దారి ఇస్తూ, కేక్ పెట్టె పట్టుకుని వచ్చిన మనిషికి పక్కకి తప్పుకుంటూ ఓడిపోయాం.

సాయంత్రం ఫోన్ చేశా. మేనేజర్ సారీ చెప్పారు, మర్యాదగానే మాట్లాడారు, తర్వాతి బుకింగ్‌కి డిస్కౌంట్ ఇస్తామన్నారు. నాకు డిస్కౌంట్ వద్దు. నేను అడిగింది కట్టిన దాంట్లో సగం వాపసు, దాంతో పాటు రసీదు మీద ఇకనుంచి ముగింపు టైమ్ స్పష్టంగా రాయడం. ఓనర్‌ని అడిగి చెప్తాం అన్నారు. ఇది రాసేవరకూ చెప్పలేదు. రసీదు ఫోటో పంపినా జవాబు లేదు. మాటిచ్చి, సంతకం పెట్టిచ్చి, ఎక్కువ డబ్బులొచ్చే పార్టీ రాగానే ఆ మాట పక్కన పెట్టడం వ్యాపారం కాదు. న్యూ ఇయర్ రోజు వాళ్ళకి సీజన్ అని నాకూ తెలుసు. బుకింగ్ వచ్చిన రాత్రే నాకు ఒక్క ఫోన్ కొట్టి ఉంటే చాలు, ఇంకో ఏర్పాటు చేసుకునేదాన్ని.

ఐపీఎల్ వచ్చిందంటే చాలామంది ఇలాంటి హాళ్ళు తీసుకుంటారు, అందుకని చెప్తున్నా. మీ తర్వాత స్లాట్ ఎవరికైనా ఇస్తే ఎన్నింటికి ఇస్తారో అడిగి, ఆ టైమ్‌ని అంకెల్లో రాయించుకోండి, ప్లస్సులూ సుమారులూ ఒప్పుకోకండి. వీలైతే మీ తర్వాతి స్లాట్ కూడా మీరే తీసుకోండి, అది కుదరకపోతే ఆ రోజుకి ఆఖరి స్లాట్ అడగండి, మీ వెనక ఎవరూ ఉండరు. టీ20కి కూడా సూపర్ ఓవర్ వస్తే, వాన పడితే ఇదే గొడవ. డబ్బు మొత్తం ముందే కట్టకండి, సగం ఆట అయ్యాక ఇస్తాం అనండి. మేం మొత్తం ముందే కట్టాం, వాళ్ళ రూల్ అది, ఆ రూల్ మార్చాలి.

హాల్‌కి, సౌండ్‌కి అయిదుకి నాలుగున్నర ఇస్తా, అంతా నిజంగానే బాగుంది. పిల్లల మర్యాదకి అయిదు, ముఖ్యంగా కేబుల్ తీసిన కుర్రాడికి, తర్వాత కిందకి దిగొచ్చి మాకు మంచినీళ్ళ బాటిళ్ళు ఇచ్చి వెళ్ళాడు. ఇచ్చిన మాట నిలబెట్టుకోవడానికి సున్నా. మొత్తం మీద ఒకటి, లైవ్ ఆటలకి అంతకు మించి ఇవ్వలేను. డబ్బు వాపసు వస్తే ఇక్కడే ఆ సంగతి కూడా రాస్తా.

వచ్చే సీజన్‌కి మేం వేరే దారి చూసుకున్నాం. వేదాయపాళెంలో మా స్నేహితురాలి వాళ్ళ మేడ మీద పెద్ద హాల్ ఉంది, ప్రొజెక్టర్, తెర, స్పీకర్లు ఫంక్షన్లకి సామాన్లు ఇచ్చేవాళ్ళ దగ్గర రోజు అద్దెకి దొరుకుతాయని అడిగి తెలుసుకున్నాం, అన్నీ కలిపినా ఇక్కడ కట్టినంత కాదు. మిషిగన్ మ్యాచ్ నవంబర్ ఆఖర్లో, మనకి శనివారం రాత్రి పడుతుంది. కావలి నుంచి గూడూరు దాకా, అటు ఒంగోలు దాకా, ఒహాయో స్టేట్‌లో చదివిన వాళ్ళు ఎవరున్నా రండి. ఎర్ర చొక్కా ఉంటే వేసుకుని రండి, భోజనం మా ఇంట్లోనే.